క్యాన్సర్ ట్రయల్లో చేరమన్నారా? ఆ కాగితం ఇట్లా చదవండి

మా అక్క పెన్ను కింద పెట్టేసింది. అప్పటిదాకా బాగానే రాస్తా వచ్చింది. పేరు, ఊరు పాకాల, చదువు అయిదో తరగతి, పని సేద్యం. సంవత్సరాదాయం దగ్గర నా మొహం చూసి ఏదో అంకె వేసింది. ఆ కింద గడిలో "నామినీ పేరు, సంబంధం" అని ఉంది.

"ఏమ్మే, నేను సచ్చిపోతానని వీళ్ళకి ముందే తెలుసునా?"

ఇరవై రెండేళ్ళుగా తిరుపతిలో బీమా ఏజెంటుని నేను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. "అబ్బే, ఊరికే ఉండే గడి అన్నా, ఎవరో ఒకరి పేరు రాసేయండి" అని ఎన్ని వందల మందికి చెప్పి ఉంటానో లెక్క లేదు. ఆరోజు మాత్రం నోరు రాలేదు. అది ఊరికే ఉండే గడి కాదు మరి. ట్రయల్ వల్ల, అంటే కొత్త మందునో వైద్యాన్నో మనుషుల్లో పరీక్షించి చూడ్డం వల్ల, మనిషి ప్రాణం పోతే పరిహారం ఎవరి చేతికివ్వాలో తెలియాలని, మన దేశంలో క్లినికల్ ట్రయల్ సమ్మతి పత్రంలో ఆ గడి పెట్టి తీరాలని చట్టమే చెప్తుంది.

అక్కకి రొమ్ము క్యాన్సర్. ఒక పెద్ద బోధనాసుపత్రిలో మూడో దశ ట్రయల్లో చేరింది. ఆసుపత్రి పేరు, మందు పేరు మీకు అక్కర్లేదు. ఆ తర్వాత మా చుట్టాల్లో, నా పాలసీదార్లలో చాలామంది ఇదే విషయం అడిగారు. ఫోన్లో అందరికీ విడివిడిగా చెప్పిందంతా ఒకచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాను. కాగితం చదవడం, జనం ఏ గడి దగ్గర చదవకుండా దాటేస్తారో కనిపెట్టడం, నాకు వచ్చిన విద్య అంతే.

మొదటి పని, మిమ్మల్ని దేనికి పిలిచారో తేల్చుకోవడం. బోధనాసుపత్రిలో వైద్యం, చదువు, పరిశోధన మూడూ ఒకే కప్పు కింద జరుగుతాయి. పీజీ చదివే డాక్టరు వచ్చి "మా థీసిస్‌కి కొంచెం రక్తం కావాలమ్మా" అంటే అదొక రకం. అక్కడ మీ వైద్యం ఏమీ మారదు, దానికీ మీ ఒప్పుదల కావాలి, అంతవరకే. మందుల ట్రయల్ వేరు. మొదటి దశలో ఎంత మోతాదు ఒంటికి పడుతుందో చూస్తారు, కొద్దిమందే ఉంటారు. క్యాన్సర్లో అయితే ఉన్న మందులన్నీ అయిపోయినవాళ్ళనే ఎక్కువగా ఇందులోకి అడుగుతారు. రెండో దశలో మందుకి పనిచేసే గుణం ఉందా అని చూస్తారు. మూడో దశలో ఇప్పుడిస్తున్న వైద్యం కంటే ఇది మేలా అని వందల మందిలో పోల్చి చూస్తారు. నాలుగోది మందు అంగట్లోకి వచ్చాక. "ఏ దశ?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు వస్తే సగం సంగతి తెలిసినట్టే. మొదటి దశలో చేరుతూ జబ్బు నయమవుతుందని ఆశ పెట్టుకుంటే తర్వాత కుంగిపోతారు.

"ఎలకల మాదిరి మన మీద ప్రయోగాలు చేస్తారంట" అనేవాళ్ళకి నేను ముంబైలో ఉండే టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళ సంగతి చెప్తా. పళ్ళ డాక్టరు పన్ను పీకే ముందు చిగురుకి వేసే మత్తుసూది ఉంది కదా, లిగ్నోకెయిన్. రొమ్ములో గడ్డ తీసే ముందు ఆ మందునే గడ్డ చుట్టూ ఎక్కించి, ఏడు నుంచి పది నిమిషాలు ఆగి, అప్పుడు ఆపరేషన్ చేశారు. మన దేశంలోనే 11 ఆసుపత్రుల్లో 1,600 మంది ఆడవాళ్ళు ఆ ట్రయల్లో చేరారు. సగం మందికి ఆ సూది వేశారు, సగం మందికి వేయలేదు. అయిదేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు సూది లేనివైపు 82.6 శాతం, సూది వేసినవైపు 86.6 శాతం. 2023లో అచ్చయింది ఆ ఫలితం. నూరు మందిలో నలుగురు, అదీ నాలుగు డబ్బుల సూదితో! ఆ 1,600 మంది సంతకం పెట్టకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

భయపడేవాళ్ళదీ తప్పు కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని వేసిన హెచ్‌పీవీ టీకాల వ్యవహారం గుర్తుందా? అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టడాన్ని తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. 2013లో పరిహారం నిబంధనలు వచ్చాయి, నామినీ గడి అప్పటిదే. ఇప్పుడు నడుస్తున్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. అంటే మా అక్కని భయపెట్టిన ఆ గడి, అంతకు ముందు ఎవరో నష్టపోతే మనకి వచ్చిన గడి.

ఎక్కడ వెతకాలి అంటారా. మన తిరుపతి, చిత్తూరు వాళ్ళం క్యాన్సరంటే వెళ్ళే దారులు నాలుగే: స్విమ్స్, అలిపిరి దగ్గర 2022లో తెరిచిన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి, వేలూరు సీఎంసీ, మద్రాసు అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. మీ జబ్బుకి వీటిలోగానీ ఇంకెక్కడైనాగానీ ఈరోజు ఏ ట్రయల్ నడుస్తోందో ఆ గేటు దగ్గర నిలబడి అడిగితే తెలియదు. దానికి సీటీఆర్ఐ అని, ట్రయల్స్ అన్నీ నమోదు చేసే రిజిస్ట్రీ ఉంది, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళది. 2007లో మొదలైంది, 2009 నుంచి కొత్త మందుల ట్రయల్స్ అందులో నమోదు కావాల్సిందే. ఫోన్లోనే చూడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. అంతా ఇంగ్లీషే, కాబట్టి ఇంట్లో ఇంటర్ చదివే పిల్లనో పిల్లోడినో పక్కన కూచోబెట్టుకోండి. జబ్బు పేరు కొట్టి వెతికితే జాబితా వస్తుంది. ఒక్కో ట్రయల్‌ పేజీలో నాలుగు చోట్ల ఆగండి: ఇంకా మనుషుల్ని చేర్చుకుంటున్నారా లేదా, ఏయే ఊళ్ళలో ఏయే ఆసుపత్రులు, ఎవరిని తీసుకుంటారు ఎవరిని తీసుకోరు, ఎథిక్స్ కమిటీ (ట్రయల్లో చేరేవాళ్ళకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ) అనుమతి వచ్చిందా. ప్రతి ట్రయల్‌కీ ఒక నంబరుంటుంది, సీటీఆర్ఐ అని మొదలై, సంవత్సరం, నెల, ఆ వెనక ఆరంకెలు. డాక్టరే మిమ్మల్ని ట్రయల్లోకి అడిగినా ఆ నంబరు అడిగి తీసుకోండి. పాలసీ నంబరు చెప్పలేని ఏజెంటుకి ప్రీమియం కడతారా మీరు?

కొత్త మందుకి డబ్బు కట్టమన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక ఫైలు. అందరూ స్కానింగ్ సీడీలు, డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్తారు, అసలుది మర్చిపోతారు. అసలుది బ్లాకు. బయాప్సీలో తీసిన ముక్కని మైనంలో పోసి చిన్న బిళ్ళలా చేసి దాచిపెడతారు, దాన్నే బ్లాకు అంటారు. కొత్త పరీక్షలు చేయాలంటే ట్రయల్ వాళ్ళకి రిపోర్టు చాలదు, చాలాసార్లు ఆ బిళ్ళే కావాలి. మా అక్కది మొదట పరీక్ష చేసిన ల్యాబులో ఉండిపోయింది. నేను వెళ్తే "మేడం, పాతవి గోడౌన్లో ఉంటాయి" అన్నారు. మూడుసార్లు తిరిగా. నాలుగోసారి ఆసుపత్రి నుంచి ఉత్తరం రాయించుకుని వెళ్తే, అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి ఇచ్చారు. పదహారు రోజులు దానికే పోయాయి. మీరు బయాప్సీ రిపోర్టు తీసుకునే రోజే బ్లాకూ స్లైడులూ ఎప్పుడు, ఎట్లా ఇస్తారో అడిగి పెట్టుకోండి. ఎండలో స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టొద్దు, మైనం కదా.

సమ్మతి పత్రం సంగతికి వద్దాం. దానికి ముందు ఒక సమాచార పత్రం ఇస్తారు. మాకిచ్చింది ఇరవై రెండు పేజీలు. తెలుగులో అడగండి, ఇవ్వాలి. ఇచ్చే తెలుగు ఎట్లా ఉంటుందో చెప్పకూడదుగానీ చెప్తా. "యాదృచ్ఛికీకరణ" అని ఉంది ఒకచోట. అక్క రెండుసార్లు కూడబలుక్కుని, "ఇదేం వ్రతమే, ఎన్ని శుక్రవారాలు చెయ్యాల?" అంది. ట్రయల్ పనులు చూసుకునే కోఆర్డినేటర్ పాప కూడా నవ్వేసింది. చీటీలు వేసి తియ్యడం, అంతే. తీసేది కంప్యూటరు. ఒక చీటీ వస్తే కొత్త మందు, ఇంకో చీటీ వస్తే ఇప్పుడున్న వైద్యం. ఫలానాది కావాలని డాక్టరు కూడా చెయ్యి పెట్టలేడు. మా అక్క ట్రయల్లో అయితే ఎవరికి ఏ బిళ్ళ పడిందో తనకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఒకవైపు మందు బిళ్ళ, ఇంకోవైపు చూడ్డానికి అచ్చం అట్లాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ. "అంటే మందు లేకుండా సంపేస్తారా?" అన్నది అక్క రెండో ప్రశ్న. కాదు. మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్లు రెండువైపులా ఇస్తూనే ఉన్నారు, బిళ్ళ దానికి అదనం. క్యాన్సర్ ట్రయల్స్‌లో మంచి వైద్యం ఉండగా దాన్ని ఆపి ఒట్టి ఉత్తుత్తి బిళ్ళ ఇవ్వడం ఉండదు. అయినా మీ కాగితంలో ఆ ముక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఇది ఏజెంటుగా చెప్తున్నా. మార్చి నెలాఖరుకి మేం జనాన్ని ఎట్లా తొందరపెడతామో నాకు తెలుసు. ట్రయల్లో కూడా ఖాళీలు అయిపోయే మాట నిజమే, కానీ ఒకటి రెండు రోజులు ఆగలేనంత నిజం కాదు. కాగితం ఇంటికి తీసుకెళ్తామని చెప్పండి, మీకా హక్కుంది. మేం పాకాల తీసుకెళ్ళి, రాత్రి అన్నాలయ్యాక నేను పైకి చదివితే అక్క వింది. అర్థం కానిచోటల్లా దాని కోడలు పెన్సిల్‌తో గీత గీసింది. పదకొండు గీతలయ్యాయి. మర్నాడు ఆ పదకొండూ డాక్టరుని అడిగాం.

అన్నిట్లోకీ గట్టి ప్రశ్న మా కోడలు పిల్లది: "మేము చేరకపోతే అత్తకి ఏం వైద్యం చేస్తారు సార్?" దీనికి డాక్టరు సూటిగా చెప్తే ఆయన్ని నమ్మొచ్చు. మాకు చెప్పాడు, ఆ ఇంజెక్షన్లే బయట కూడా ఇస్తామని. అప్పుడు లెక్క తేలికైంది. చేరితే అదనంగా ఏం వస్తుంది, అదనంగా ఏం పోతుంది అని మాత్రమే చూసుకున్నాం.

డబ్బు సంగతి ముక్కలు ముక్కలుగా అడగాలి. "అంతా ఫ్రీయేనమ్మా" అంటారు. ట్రయల్ మందు ఫ్రీ, ట్రయల్ కోసం అదనంగా చేసే పరీక్షలు ఫ్రీ. మామూలు వైద్యం ఖర్చు? అది ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద పోతుందా, చేతి నుంచి పెట్టాలా? రాష్ట్రం దాటి వెళ్ళేవాళ్ళు ఇది తప్పక అడగండి. దారి ఖర్చులు ఇస్తారా? ఇస్తే టికెట్లు అడుగుతారు. ఆర్టీసీ మిషను టికెట్టు మీద అక్షరాలు ఎండకి నెల తిరక్కుండా మాసిపోతాయి. బస్సు దిగగానే ఫోటో తీసి పెట్టుకోండి. నాకు ఆ బుద్ధి రావడానికి ఆరు తెల్ల చీటీలు పట్టింది.

ఇంకో రెండు. ట్రయల్ అయిపోయాక మందు బాగా పనిచేస్తుంటే అది కొనసాగిస్తారా, ఆపేస్తారా? రాత్రిపూట ఏదన్నా అయితే ఫోను ఎత్తే మనిషి పేరేంది? ఆసుపత్రి నంబరు కాదు, మనిషి.

పరిహారం భాగం నేను మూడుసార్లు చదివా, బీమా బుద్ధి పోదు కదా. ట్రయల్లో ఉండగా ఏ హాని జరిగినా ముందు వైద్యం ఉచితంగా చేయాలి, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా. ట్రయల్ వల్లే అని తేలితే డబ్బు పరిహారం వేరే. క్యాన్సర్ తనంతట తాను ముదిరితే దాన్ని ట్రయల్ ఖాతాలో వేయరు. తీవ్రమైన హాని ఏది జరిగినా డాక్టరు 24 గంటల్లోగా పైకి తెలియజేయాలి. అంటే మీరు ముందు ఆయనకి చెప్పాలి. పాకాలలో పక్కింటి ఆరెంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని ఊరుకుంటే ఆ గడియారం మొదలే కాదు.

కాగితం చివర్లో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరుంటుంది. జనం దాన్ని ఆసుపత్రి వాళ్ళే కదా అనుకుంటారు. ఆ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్ళు, న్యాయం తెలిసిన మనిషొకరు, వైద్యంతో పనిలేని మామూలు మనిషొకరు. డాక్టరు మీద డాక్టరుకే చెప్పుకోలేని మాట ఉంటే అక్కడ చెప్పండి. చదువురానివాళ్ళ చేత వేలిముద్ర వేయిస్తే పక్కన ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. వార్డు బాయ్‌ని పిలిచి నిలబెడితే ఒప్పుకోకండి. సంతకాలయ్యాక ఒక కాపీ మీకివ్వాలి, అడిగి తెచ్చుకోండి.

నామినీ గడిలో అక్క ఎవరి పేరు రాసిందో చెప్పలేదు కదూ. కోడలిది. "మావోడి పేరు రాస్తే సారాయంగడికి రాసిచ్చినట్టే" అంది.

సంతకం పెడితే చేరిపోయినట్టు కాదు. ఆ తర్వాతే స్క్రీనింగ్, రక్తం, గుండె, లివరు, స్కానింగులు. మా అక్క అక్కడ తప్పింది. కోఆర్డినేటర్ పాప, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా పెద్దమ్మా? ఆయుర్వేదం, నాటు మందులు?" అని అడిగింది. "లేదు నాయినా" అంది అక్క. నేను పక్కనే ఉన్నా. వంటింట్లో హార్లిక్స్ సీసాలో నల్లటి కషాయం నా కళ్ళతో నేను చూశా. పరువు తీయడమెందుకని నోరు మూసుకున్నా. రక్తపరీక్షలో లివరు అంకెలు ఉండాల్సినదానికి రెండింతల పైన వచ్చాయి. డాక్టరు కేకలెయ్యలేదు, ఈ అంకెలతో తీసుకోలేమమ్మా అన్నాడు, అంతే. బస్సులో నేను అరిచా, అక్క ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది. మర్నాడు ఆ సీసా ఫోటో తీసి పంపించా. కషాయం ఆపి మూడు వారాలాగి మళ్ళీ పరీక్ష చేశారు, అంకెలు దిగాయి. ఇట్లా రెండోసారి అవకాశం అన్ని ట్రయల్స్‌లోనూ ఇవ్వరు. కాబట్టి కషాయం, భస్మం, కీళ్ళ నొప్పుల బిళ్ళ, పొగాకు, అన్నీ ముందే కక్కేయండి. వాళ్ళు మీ గుణాన్ని పరీక్షించడం లేదు, లివరుని పరీక్షిస్తున్నారు.

చేరాక రోజువారీ పని చిన్నదే, కానీ విసుగు. బిళ్ళ మింగినప్పుడల్లా ఒక డైరీలో టిక్కు పెట్టాలి. అక్కకి టిక్కు అంటే పడదు, పంతులు తప్పుకి పెట్టినట్టు ఉంటుందంట. ముగ్గు చుక్క పెట్టేది, వరసగా, తీరుగా. ఒకరోజు రెండు చుక్కలున్నాయి. లెక్క సరిచూడ్డానికి వచ్చినాయన గంటసేపు దాని మీదే కూచున్నాడు: రెండు మింగిందా, చెయ్యి జారిందా? అక్కకి గుర్తులేదు. మిగిలిన బిళ్ళలు, ఖాళీ అట్టలు లెక్కపెట్టి తేల్చాలి. ఖాళీ అట్టలు కోడలు చెత్తలో వేసేసింది! అప్పటి నుంచి అవి బియ్యం డబ్బా మీద ఒక సంచిలో ఉండేవి. మీరు మొదటి రోజు నుంచే పెట్టండి ఆ సంచి.

జ్వరం 100.4 దాటితే పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు. కీమో నడుస్తున్నప్పుడు తెల్లకణాలు పడిపోయి ఉంటే ఆ జ్వరం రాత్రికి రాత్రే ప్రాణం మీదికి తెస్తుంది. ట్రయల్ వాళ్ళిచ్చిన చిన్న కార్డు రవికలోనో పర్సులోనో ఎప్పుడూ ఉండాలి. వేరే ఆసుపత్రిలో ఎమర్జెన్సీ అయితే, ఏ బిళ్ళ పడిందో విప్పి చూడాల్సిన అవసరం వస్తే ఆ కార్డే దారి.

ఆసుపత్రికి రావాల్సిన తేదీలు రాతిమీద గీతలు కావు. అటు ఇటు రెండు మూడు రోజుల వెసులుబాటు చాలా ట్రయల్స్‌లో ఉంటుంది, ముందు చెప్తే. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి అక్క తిరుపతి రావాలని పట్టుబట్టింది, సరిగ్గా అదే వారం స్కానింగ్. పాప రెండు రోజులు జరిపింది. డాక్టరు మాత్రం గుంపులోకి వెళ్ళొద్దన్నాడు. మా మిద్దె మీద కుర్చీ వేసి కూచోబెట్టాం, వీధిలో వేషాలు పోతుంటే పైనుంచే దండం పెట్టుకుంది.

మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చు, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా. ఆ కారణంగా మీ మామూలు వైద్యం ఆపకూడదు. అయితే చెప్పకుండా బిళ్ళలు మానేసి ఇంట్లో కూచోవద్దు. మానే పద్ధతి ఉంటుంది, ఆఖరి రక్తపరీక్ష ఉంటుంది, అది మీ ఒంటి కోసమే.

బిళ్ళలు అయిపోయాక కూడా మూడు నెలలకోసారి ఫోన్ వస్తుంది. అందుకని రెండు నంబర్లివ్వండి, ఒకటి ఇంట్లో సిమ్ మార్చని మనిషిది. మా ఇంట్లో అది అక్కే. ఇప్పటికీ ఆ పాత బటన్ల ఫోనే. మొన్న ఫోనొస్తే పాప నోరు తెరవకముందే, "ఉండానమ్మా ఉండా, నువ్వు తిన్న్యావా లేదా?" అంటోంది. అవతల పాప ఫారంలో ఏ గడిలో రాసుకుందో మరి.